రాకడ: ఎత్తబడడమా, ఎదురెళ్ళడమా?

“వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు” అంటారు. రోజువారీ మాటల్లో ‘రాక’ నిలిచింది గాని ‘రాకడ’ దాదాపు కనుమరుగైంది. ఆ మాట ఇంకా నలుగుతున్నది రెండు చోట్ల: ఈ సామెతలో, క్రైస్తవుల ప్రార్థనల్లో. తెలుగు సంఘాల్లో ‘రాకడ’ అంటే చాలు, ఎవరి రాక అని ఎవరూ అడగరు. రాకడ గుర్తులు, రాకడ ప్రార్థనలు, రాకడకు సిద్ధపాటు అన్నీ యేసు రెండోసారి రావడం గురించే. సామెతకూ సువార్తకూ ఒక విషయంలో పొత్తు కూడా కుదిరింది. ఆ దినం, ఆ గడియ పరలోక దూతలకు తెలియవు, కుమారుడికీ తెలియవు, తండ్రికి మాత్రమే తెలుసు అని మార్కు 13:32 చెబుతుంది.

అయినా రెండు వేల ఏళ్ళుగా లెక్కలు కట్టేవాళ్ళు కడుతూనే ఉన్నారు. ఆ లెక్కల సంగతి తర్వాత. ‘ఎప్పుడు’ అన్న ప్రశ్న కిందపడి నలిగిపోయిన ప్రశ్న మరొకటి ఉంది: ప్రయాణం ఎటు? ఆయన ఇక్కడికి వచ్చి ఉంటాడా, వచ్చి తనవాళ్ళను అక్కడికి తీసుకుపోతాడా? అంటే విశ్వాసి ఇల్లు అలికి ముగ్గేసి అతిథి కోసం చూసేవాడా, పెట్టె సర్దుకుని బండి కోసం చూసేవాడా? ఈ జవాబును బట్టి చదువు మీద, పొలం మీద, పొదుపు మీద, చివరికి సమాధి మీద కూడా చూపు మారిపోతుంది.

ఒక్క రాక రెండైన వైనం

‘మెస్సీయ’ హీబ్రూ మూలం నుంచి వచ్చిన మాట. అభిషిక్తుడు అని అర్థం. ‘క్రీస్తు’ దానికి గ్రీకు అనువాదం. ఇశ్రాయేలులో రాజును, ప్రధాన యాజకుణ్ణి నూనెతో అభిషేకించేవారు. రాజ్యం పోయి పరాయి ఏలుబడి వచ్చాక, దావీదు వంశం నుంచి ఒక అభిషిక్తుడు వచ్చి అన్నీ సరిచేస్తాడన్న ఎదురుచూపు గట్టిపడింది. ఆ ఎదురుచూపులో రాక ఒక్కటే. యూదులు ఇప్పటికీ అలాగే చూస్తున్నారు. 12వ శతాబ్దంలో మైమోనిదీస్ క్రోడీకరించిన 13 విశ్వాస సూత్రాల్లో పన్నెండోది అదే: ఆయన ఆలస్యం చేసినా సరే, వస్తాడని ఎదురుచూడడం.

యేసే మెస్సీయ అని నమ్మినవాళ్ళకు ఇక్కడొక చిక్కు వచ్చిపడింది. మెస్సీయ వస్తే అన్యాయం ఆగాలి, చనిపోయినవాళ్ళు లేవాలి, రాజ్యం రావాలి. వచ్చినాయన సిలువ మీద చనిపోయాడు. రోమా సైన్యం అక్కడే ఉంది. తొలి క్రైస్తవుల జవాబు ఇది: ఆయన లేచాడు, కాబట్టి అసలు పని మొదలైంది, మిగిలినది ఆయన మళ్ళీ వచ్చినప్పుడు పూర్తవుతుంది. ఒకే రాక అనుకున్నది అలా రెండుగా చీలింది. మధ్యలో ఉన్నదే ఇప్పటి కాలం. వేదాంతులు దీన్ని ‘ఇప్పటికే వచ్చింది, ఇంకా రావలసి ఉంది’ అని చెబుతారు. నారు పోశాక కోతకు ముందు ఉండే రోజుల్లాంటిది ఇది. పంట వేసినట్టే, చేతికి రానట్టే.

అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంలో యేసు ఒలీవల కొండ మీద నుంచి ఆరోహణమైనప్పుడు శిష్యులు మెడలెత్తి చూస్తూ నిలబడిపోతారు. తెల్లని బట్టలు కట్టుకున్న ఇద్దరు వచ్చి, “మీరెందుకు నిలిచి ఆకాశమువైపు చూచుచున్నారు?” అని అడుగుతారు. ఏ రీతిగా వెళ్ళాడో ఆ రీతిగానే వస్తాడన్న హామీ ఆ వెంటనే వస్తుంది. హామీని అందరూ కంఠతా పడతారు. ముందున్న మందలింపును చాలామంది దాటేస్తారు. శిష్యులు మాత్రం ఆ తర్వాత చేసింది కొండ దిగి ఊళ్ళోకి వెళ్ళడమే.

థెస్సలొనీకలో ఏం జరిగింది

రాకడ సిద్ధాంతానికి అత్యంత పాత లిఖిత ఆధారం సువార్తలు కాదు, అపొస్తలుడు పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక, అంటే ఉత్తరం. రాసిన కాలం దాదాపు క్రీ.శ. 50-51. ఈ తేదీ గాలిలోంచి ఊడిపడలేదు. పౌలు కొరింథులో ఉండగా గల్లియో అధిపతిగా ఉన్నాడని కార్యములు 18:12 చెబుతుంది. గ్రీసులోని డెల్ఫీలో దొరికిన ఒక శాసనం గల్లియో పదవీకాలాన్ని 51-52 ప్రాంతంలో నిలబెడుతుంది. పత్రిక ఆ కొరింథు మజిలీలో రాసినదే అని పండితుల్లో ఎక్కువమంది మాట.

థెస్సలొనీక రోమా మాసిదోనియ రాష్ట్రానికి ముఖ్య పట్టణం. పౌలు అక్కడి సమాజమందిరంలో మూడు విశ్రాంతి దినాలు తర్కించాడు, గొడవ లేచింది, రాత్రికి రాత్రే బెరయకు పంపించేశారు. అంటే వెనక మిగిలింది పాలుగారే పసి సంఘం. అందులో కొందరు చనిపోయారు. మిగిలినవాళ్ళకు దిగులు పట్టుకుంది: ప్రభువు వచ్చేదాకా ఉంటామనుకున్నాం, వీళ్ళు ముందే పోయారు, మరి ఆ పండుగ వీళ్ళకు తప్పిపోయినట్టేనా?

నాలుగో అధ్యాయం చివర ఉన్న బూర, మేఘాలు, ప్రధానదూత శబ్దం అన్నీ ఈ దిగులుకు చెప్పిన జవాబులోవి. “క్రీస్తునందుండి మృతులైన వారు మొదట లేతురు” అన్నది ఆ జవాబులో గుండెకాయ. పోయినవాళ్ళు వెనకబడరు, ముందు వరసలో ఉంటారు. ఆ భాగం ముగింపు కూడా చూడాలి: “ఈ మాటలచేత ఒకనినొకడు ఆదరించుకొనుడి.” లెక్కించుకోమనలేదు, భయపెట్టుకోమనలేదు. చావింట్లో ఓదార్పుకు రాసిన మాటలను కాలపట్టికగా చదవడం దగ్గరే సగం గందరగోళం మొదలవుతుంది. “సజీవులమై నిలిచియుండు మనము” అని పౌలు తనను కూడా కలుపుకున్నాడన్నది దాచవలసిన విషయం కాదు. ఆయనా త్వరలోనే అనుకున్నాడు. ఆ అంచనా నెరవేరకపోయినా ఓదార్పు చెల్లుబాటులోనే ఉందన్నది సంఘం తీర్పు. పత్రికను తీసి పక్కన పెట్టకుండా లేఖనంగా నిలబెట్టుకుంది.

రెండో పత్రికలో రోగం మారింది. ప్రభువు దినం అప్పుడే వచ్చేసిందని ఎవరో ప్రచారం చేశారు. దానికి పౌలు పేరిట ఒక ఉత్తరం కూడా తిరిగినట్టుంది, అందుకే తమ యొద్దనుండి వచ్చిందని చెప్పే పత్రికను చూసి కలవరపడవద్దని రాశాడు (2:2). నకిలీ ఫార్వర్డులు వాట్సాప్‌తో పుట్టలేదన్నమాట. ఇంకొందరు పనులు మానేసి ఇరుగుపొరుగు సంగతుల్లో తలదూరుస్తూ తిరుగుతున్నారు. పౌలు జవాబు కటువుగా ఉంటుంది: పనిచేయనొల్లనివాడు భోజనం చేయకూడదు (3:10). వాళ్ళు పని మానడానికి కారణం రాకడ నమ్మకమేనా, ధనికుల పంచన బతికే రోమా అలవాటా అన్నది పండితులు ఇంకా తేల్చుకోలేదు. ఏదైనా, నెమ్మదిగా పనిచేసుకుని సొంత తిండి తినడం రాకడకు అడ్డం కాదన్నది మాత్రం స్పష్టం.

‘ఎదుర్కొనుటకు’ అన్న ఒక్క మాట

ఇప్పుడు అసలు వచనం. మొదటి పత్రిక 4:17లో తెలుగు బైబిలు “ప్రభువును ఎదుర్కొనుటకు ఆకాశమండలమునకు మేఘములమీద కొనిపోబడుదుము” అంటుంది. నేటి తెలుగులో ఎదుర్కోవడం అంటే పోరాటం: కష్టాలను ఎదుర్కొన్నారు, విచారణను ఎదుర్కొన్నారు. పాత అర్థం వేరు. అది పెళ్ళిళ్ళలో ఇంకా బతికే ఉంది, ‘ఎదురుకోలు’ అన్న పేరుతో.

మగపెళ్ళివారు ఊరి పొలిమేరకో విడిదికో చేరతారు. ఆడపెళ్ళివారు మేళతాళాలతో, పానకం బిందెలతో ఎదురెళ్తారు. పన్నీరు చల్లుతారు, పానకం ఇస్తారు, పెళ్ళికొడుకును ముందు పెట్టుకుని పందిట్లోకి తీసుకొస్తారు. ఎదురెళ్ళిన మేనమామ మగపెళ్ళివారి బస్సెక్కి వాళ్ళ ఊరికి వెళ్ళిపోయిన దాఖలా ఎక్కడా ఉండదు. ఎదురెళ్ళేది వెంటబెట్టుకుని రావడానికే.

గ్రీకులో ఇక్కడున్న మాట ‘అపాంతేసిస్’. చక్రవర్తో అధికారో పట్టణానికి వస్తుంటే పెద్దలు, ప్రజలు గోడలు దాటి బయటకు వెళ్ళి ఎదుర్కొని, ఊరేగింపుగా లోపలికి తీసుకురావడం ఆ కాలపు మర్యాద. రోమా సేనాని తీతు అంతియొకయకు వస్తున్నాడని తెలిసి జనం ఆడామగా పిల్లలతో సహా ఊరు దాటి చాలా దూరం ఎదురెళ్ళారని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. రాకడకు పౌలు వాడిన ‘పరూసియా’ కూడా రాజు విచ్చేయడానికి వాడే మాటే.

కొత్త నిబంధనలో ‘అపాంతేసిస్’ ఉన్న మిగతా సందర్భాలు రెండే. ఒకటి మత్తయి 25లో: పదిమంది కన్యకలు పెండ్లికుమారుణ్ణి ఎదుర్కోవడానికి బయలుదేరతారు, సిద్ధంగా ఉన్న ఐదుగురు ఆయనతో కలిసి పెళ్ళివిందుకు లోపలికి వస్తారు. రెండోది కార్యములు 28:15: పౌలు బందీగా రోముకు వస్తుంటే అక్కడి సహోదరులు అప్పీయా సంతపేట దాకా, త్రిసత్రముల దాకా ఎదురువచ్చారు. మొదటిది రోముకు 43 రోమా మైళ్ళు, అంటే 60 కిలోమీటర్ల పైమాట; రెండోది 33 మైళ్ళు. అంత దూరం నడిచి వచ్చి పౌలుతో పాటు తిరిగి రోముకే వెళ్ళారు. రెండు చోట్లా ప్రయాణం ముగిసేది ఎదురెళ్ళినవాళ్ళ వైపే.

దీన్నిబట్టి థెస్సలొనీక వచనంలో కూడా విశ్వాసులు మేఘాల్లోకి వెళ్ళేది రాజును తోడ్కొని భూమికి రావడానికే అని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. వాదన బలమైనదే, కానీ తిరుగులేనిది కాదు. ఆ మాటకు మామూలుగా ‘కలుసుకోవడం’ అన్న అర్థం కూడా గ్రీకులో ఉంది. పైగా పౌలు తర్వాత మజిలీ ఏదో చెప్పనే లేదు. “సదాకాలము ప్రభువుతో కూడ ఉందుము” అని ఊరుకున్నాడు. ఎక్కడ అన్నదానికంటే ఎవరితో అన్నదే ఆయనకు ముఖ్యం. ఎదుటి పక్షానికి ఉన్న గట్టి ఆధారం యోహాను 14:3: స్థలం సిద్ధపరచి, మరల వచ్చి, “నాయొద్ద నుండుటకు మిమ్మును తీసికొని పోవుదును”. ఇక్కడ ప్రయాణం అటువైపే కనిపిస్తుంది. బైబిలు చివరి దృశ్యం మళ్ళీ ఇటు: ప్రకటన 21లో పరిశుద్ధ పట్టణం పరలోకం నుంచి దిగివస్తుంది, దేవుని నివాసం మనుషులతో ఉంటుంది.

ఇలాంటి మెలికే మత్తయి 24:40లోనూ ఉంది. పొలంలో ఇద్దరుంటే ఒకరు తీసుకుపోబడతారు, ఒకరు విడిచిపెట్టబడతారు. తీసుకుపోబడినవాడే అదృష్టవంతుడని మన సభల్లో బోధిస్తారు. కానీ ఒక్క వచనం పైకి వెళ్తే నోవహు కాలపు జలప్రళయం ఉంది. అక్కడ కొట్టుకుపోయినవాళ్ళు చెడ్డవాళ్ళు, నిలిచినవాడు నోవహు. ఆ పోలికతో చదివితే విడిచిపెట్టబడినవాడే బతికినవాడు. అయితే రెండు వచనాల్లో గ్రీకు క్రియలు వేరు. 40వ వచనంలోని క్రియ యోహాను 14:3లో ‘తీసికొని పోవుదును’ అన్న చోట ఉన్నదే. కాబట్టి ఈ ఒక్క వచనం పట్టుకుని ఏ పక్షమూ కేసు గెలవలేదు.

గోదావరి ఒడ్డుకు చేరిన కాలపట్టిక

‘సంఘము ఎత్తబడుట’ అన్న పదబంధం తెలుగు బోధకుల నోట ఎంత స్థిరపడిందంటే, అది వచనంలోనే ఉందనుకుంటారు. 4:17లో ఉన్నది ‘కొనిపోబడుదుము’. ఎత్తబడే రాకడ రహస్యమని, ఏడేళ్ళ తర్వాత వచ్చేది బహిరంగ రాకడ అని రెండు దశలుగా విడదీసే పద్ధతికి 19వ శతాబ్దంలో రూపం ఇచ్చినవాడు జాన్ నెల్సన్ డార్బీ (1800-1882), బ్రదరెన్ ఉద్యమ నాయకుల్లో ఒకడు. 1909లో వెలువడిన స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిలు ఈ పద్ధతిని వచనాల కిందే పాదసూచికలుగా అచ్చువేసింది. లేఖనం, వ్యాఖ్య ఒకే పుటలో పక్కపక్కనే ఉండేసరికి చదివేవాళ్ళకు హద్దు చెరిగిపోయింది. ఒక సిద్ధాంతం అంత వేగంగా పాకడానికి వాదనాబలం ఎంత కారణమో పుట అమరిక అంత కారణం.

తెలుగు నేలకు ఈ ఉద్యమంతో సంబంధం పాతదే. ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో పళ్ళ వైద్యుడిగా పనిచేసిన ఆంథనీ నారిస్ గ్రోవ్స్ పిలుపుతో విలియం బౌడెన్, జార్జ్ బియర్ 1836లో ఇండియాకు వచ్చి గోదావరి డెల్టాలో నరసాపురం ప్రాంతంలో పని మొదలుపెట్టారు. వాళ్ళు బ్రదరెన్ వారే. లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరుకు చేరింది 1842లో. లూథరన్లు తెచ్చిన సంప్రదాయం వేరు: 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 17వ అధికరణం, మృతుల పునరుత్థానానికి ముందే భక్తులు లోకరాజ్యం ఏలుతారన్న బోధను తోసిపుచ్చుతుంది. రాజమండ్రిలో 1938లో ఎం. దేవదాసు మొదలుపెట్టిన బైబిలు మిషనులో రాకడకు సిద్ధపడే ‘పెండ్లికుమార్తె సంఘం’ ముఖ్యమైన బోధ. ఆయన అంతకుముందు లూథరనే. ఒకే జిల్లాలో, ఒక్కోసారి ఒకే కుటుంబంలో, ప్రకటన 20వ అధ్యాయాన్ని ముగ్గురు మూడు రకాలుగా చదవడానికి మూలం ఇదీ.

వెయ్యేళ్ళ పరిపాలన బైబిల్లో కనిపించేది ఆ ఒక్క అధ్యాయంలోనే. ఆ వెయ్యేళ్ళకు ముందే క్రీస్తు వస్తాడని, ఏలుబడి భూమి మీదే అని ఒక పక్షం. రెండో శతాబ్దపు జస్టిన్, ఇరేనియస్ దాదాపు ఇలాగే నమ్మారు. వెయ్యి అన్నది గుర్తు మాత్రమే, సంఘకాలమంతా ఆ ఏలుబడే అని రెండో పక్షం. ఐదో శతాబ్దపు అగస్టీన్ దగ్గర నుంచి కతోలికులు, లూథరన్లు, ఆంగ్లికన్లు ఎక్కువగా ఇటే. సువార్త లోకమంతా పాకి మంచి కాలం వచ్చాక క్రీస్తు వస్తాడన్నది మూడోది. 18, 19 శతాబ్దాల మిషనరీ ఉత్సాహంలో వెలిగి, ప్రపంచ యుద్ధాల్లో చాలావరకు ఆరిపోయింది.

ఇవాళ తెలుగు టీవీ ప్రసంగాల్లో, పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాల్లో వినిపించేది చాలావరకు డార్బీ వరసే: రహస్య రాకడ, సంఘం ఎత్తబడడం, భూమి మీద ఏడేళ్ళ శ్రమలు, వాటిలో చివరి మూడున్నర ఏళ్ళు మహాశ్రమ, బహిరంగ రాకడ, హర్మగెద్దోను యుద్ధం, వెయ్యేళ్ళు, ధవళ సింహాసన తీర్పు, కొత్త ఆకాశం, కొత్త భూమి. ఇందులో ‘ఏడేళ్ళు’ ఎక్కడి నుంచి వచ్చాయి? దానియేలు 9లో 70 వారాలు ఉన్నాయి. వారం అంటే ఏడేళ్ళనుకుంటే 490 ఏళ్ళు. అందులో 69 వారాలు, అంటే 483 ఏళ్ళు, మెస్సీయ మొదటి రాకతో పూర్తయ్యాయని, అక్కడ గడియారం ఆగిందని, మిగిలిన ఒక్క వారం చివర్లో నడుస్తుందని ఈ పద్ధతి చెబుతుంది. లెక్క చక్కగా అతుకుతుంది. చిక్కల్లా 69కీ 70కీ మధ్య ఇరవై శతాబ్దాల ఖాళీ ఉందని దానియేలు ఎక్కడా చెప్పకపోవడం.

లెక్కలు ఎక్కడ బెడిసికొడతాయి

తేదీ కట్టే పద్ధతులు చూడ్డానికి వేరువేరుగా ఉన్నా మరలు అవే మూడు నాలుగు. మొదటిది, రోజును ఏడాదిగా మార్చడం; సంఖ్యాకాండము 14:34, యెహెజ్కేలు 4:6 దీనికి ఆధారం చూపిస్తారు. రెండోది, ఎక్కడ నుంచి లెక్క మొదలుపెట్టాలో ఎంచుకోవడం. అసలు ఇష్టారాజ్యం ఇక్కడే. మూడోది, ఏడాదికి 360 రోజులా 365 రోజులా అన్నది. ప్రకటన గ్రంథంలో 42 నెలలు, 1,260 దినాలు ఒకటే కాలంగా కనిపిస్తాయి కాబట్టి నెలకు 30 రోజుల చొప్పున 360 తీసుకుంటారు. అవసరమైతే 365కు మారతారు.

అమెరికాలో విలియం మిల్లర్ అనే రైతు చేసిన లెక్క ఇందులో బాగా తెలిసినది. దానియేలు 8:14లో 2,300 దినాలు. వాటిని ఏళ్ళు అనుకున్నాడు. మొదలు క్రీ.పూ. 457, యెరూషలేము గురించి పారసీక రాజు అర్తహషస్త ఇచ్చిన ఆజ్ఞ. 2,300లోంచి 457 తీస్తే 1843. ఆ ఏడు దాటిపోయింది. క్రీ.పూ. 1 తర్వాత సున్నా సంవత్సరం లేదు, నేరుగా క్రీ.శ. 1 వస్తుంది, కాబట్టి ఒకటి కలపాలని గుర్తించారు: 1844. శామ్యూల్ స్నో అన్న అనుచరుడు యూదుల ప్రాయశ్చిత్త దినాన్ని బట్టి అక్టోబరు 22 అని తేల్చాడు. కొందరు రైతులు పంట కోయకుండా పొలంలోనే వదిలేశారు, ఎందుకంటే కోయడం నమ్మకం లేనట్టవుతుంది. అక్టోబరు 23న అందరికీ మామూలుగానే తెల్లవారింది. చరిత్రలో దాని పేరు ‘మహా ఆశాభంగం’. ఆ తేదీన జరిగింది రాకడ కాదు, పరలోక గుడారంలో క్రీస్తు సేవలో కొత్త ఘట్టం అని వివరించుకున్న వర్గం నుంచి సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘం ఏర్పడి 1863లో వ్యవస్థీకృతమైంది.

లెక్క తప్పినప్పుడు ఏం జరుగుతుందో ఇందులో మొత్తం కనిపిస్తుంది. ముందు చిన్న సవరణ, తర్వాత కొత్త తేదీ, ఆ పైన ‘జరిగింది, కంటికి కనబడలేదు’ అన్న వివరణ. తప్పు మొదటి మెట్టులో ఉందని ఒప్పుకోవడం అన్నిటికంటే కష్టం. ఒప్పుకున్నవాళ్ళు లేకపోలేదు. 2011 మే 21 అని, తర్వాత అక్టోబరు 21 అని ప్రకటించిన అమెరికా రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ మరుసటి ఏడాది అది పాపమేనని ఒప్పుకుని బహిరంగ లేఖ రాశాడు. దక్షిణ కొరియాలో 1992 అక్టోబరు 28న ఎత్తబడతామని నమ్మి ఉద్యోగాలు వదిలి ఆస్తులు ఇచ్చేసినవాళ్ళున్నారు. ఆ బోధ చేసిన నాయకుడు మాత్రం ఆ తేదీ తర్వాత గడువు తీరే బాండ్లు కొని పెట్టుకున్నట్టు బయటపడింది. మోసం కేసులో అతనికి శిక్ష పడింది. తేదీ చెప్పే ఎవరినైనా తూచడానికి ఇంతకంటే మంచి తూకం దొరకదు: ఆ తేదీ దాటాక చేతికొచ్చే డబ్బు ఏమైనా ఆయన దగ్గర ఉందా?

1948లో ఇశ్రాయేలు దేశం ఏర్పడడంతో ‘ఈ తరము గతింపదు’ అన్న మాటకు 40 ఏళ్ళు కలిపి 1988 అన్నారు. అది పోయాక 1967 యుద్ధం నుంచి 40 కలిపి 2007. ఇప్పుడు తరమంటే 80 అని కీర్తన 90ని తెచ్చి 2028 అంటున్నారు. మొదలూ మార్చుకోవచ్చు, నిడివీ మార్చుకోవచ్చు అన్నప్పుడు ఏ ఏడైనా వస్తుంది. ప్రకటన గ్రంథం క్రూరమృగపు సంఖ్యగా చెప్పే 666 కథా ఇంతే. బార్‌కోడ్ వచ్చినప్పుడు అదే అన్నారు, కొవిడ్ టీకా వచ్చినప్పుడు అదే అన్నారు. మొదటి శతాబ్దపు పాఠకుడు చేసి ఉండగల లెక్క మాత్రం కాగితం మీద సరిపోతుంది. రోమా చక్రవర్తి నీరో పేరును ‘నెరోన్ కైసర్’ అని హీబ్రూ అక్షరాల్లో రాస్తే విలువలు 50, 200, 6, 50, 100, 60, 200. కూడితే 666. లాటిన్ పద్ధతిలో చివరి ‘న్’ తీసేస్తే 616. కొన్ని పాత చేతిరాత ప్రతుల్లో సరిగ్గా ఆ 616 ఉంది. గొలుసు ఇంతలా కుదిరినప్పుడు టీకా సీసాలో వెతకవలసిన పని లేదు.

మరి నమ్మినవాళ్ళకు ఒరిగేదేమిటి

తేదీలు పక్కన పెడితే నమ్మకం పలచబడిపోతుందని కొందరికి భయం. జరుగుతున్నది చూస్తే అలా లేదు. రాకడ నమ్మకం నిజంగా పనిచేసే చోటు సమాధుల దొడ్డి. తెలుగు క్రైస్తవుల సంతాప ప్రకటనల్లో ‘ప్రభువునందు నిద్రించిరి’ అని వేస్తారు. ఇది ముచ్చటకు వేసిన మాట కాదు. థెస్సలొనీక పత్రికలో ఉన్నది ‘నిద్రించినవారు’ అనే. నిద్ర అంటే లేవడం ఉంటుంది. ఇంగ్లీషులో శ్మశానానికి వాడే సిమెట్రీ అన్న మాట కూడా నిద్రించే చోటు అన్న గ్రీకు మాటలోంచే పుట్టింది. పాదాలు తూర్పుకు పెట్టి పాతిపెట్టడం పాత క్రైస్తవ ఆచారం. మెరుపు తూర్పున పుట్టి పడమటిదాకా కనబడినట్టు మనుష్యకుమారుని రాకడ ఉంటుందని మత్తయి 24:27. లేచి నిలబడితే ముఖం ఆ వైపే ఉండాలన్నది లెక్క. ఏ కాలపట్టికా చేయలేని పని ఈ దిక్కు చేస్తుంది.

రెండోది తీర్పు. నైసియా విశ్వాస ప్రమాణంలో రాకడ వాక్యం ఒక్కటే: సజీవులకూ మృతులకూ తీర్పు తీర్చడానికి వస్తాడు. క్రీ.శ. 381లో ‘ఆయన రాజ్యానికి అంతం లేదు’ అని చేర్చారు. తీర్పు అనగానే సభల్లో భయం పుట్టిస్తారు. కానీ కోర్టు తలుపు తట్టలేనివాడికి, భూమి లాక్కోబడినవాడికి, పోలీసుస్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోనివాడికి తీర్పు రోజు శుభవార్తే. మత్తయి 25లో ఆ తీర్పుకు అడిగే ప్రశ్నలు చూడండి: ఆకలిగొన్నవాడికి పెట్టావా, దిగంబరికి బట్ట ఇచ్చావా, చెరసాలలో ఉన్నవాణ్ణి చూశావా. వెయ్యేళ్ళ గురించి ఏ పక్షమని అక్కడ ఎవరూ అడగరు.

మూడోది ఈ భూమి. ఇదంతా కాలిపోయేదే కదా అన్న ధోరణికి ఆధారం 2 పేతురు 3:10. తెలుగులో “భూమియు దానిమీద నున్న కృత్యములును కాలిపోవును” అని ఉంది. అత్యంత పాత ప్రతుల్లో చేరిన సైనైటికస్, వాటికానస్‌లలో అక్కడున్న క్రియకు ‘కాలిపోవును’ అన్న అర్థం రాదు. ‘కనబడును, బయటపడును’ అని వస్తుంది. అంటే నిప్పుతో కంసాలి చేసే పని: మాలిన్యం పోయి అసలుది బయటపడడం. ఇటీవలి అనువాదాలు చాలావరకు ఈ పాఠాన్నే తీసుకుంటున్నాయి. ఒక్క క్రియ తేడాతో భూమి చెత్తబుట్ట నుంచి పుటం పెట్టే మూస దాకా వస్తుంది. ఎదురుకోలు అన్న అర్థం ఒప్పుకుంటే ఇది దానికి సరిగ్గా అతుకుతుంది. అతిథి వచ్చి ఉండబోయే ఇంటిని ఎవరూ పాడుబెట్టుకోరు.

ఇదంతా ఆదివారం ఆరాధనలో ఒక్క మాటకు కుదించుకుపోయి ఉంటుంది, వినేవాళ్ళు గమనించినా గమనించకపోయినా. లూథరన్ అయినా సీఎస్ఐ అయినా బ్రదరెన్ అయినా పెంతెకొస్తు అయినా, ప్రభువు బల్ల దగ్గర చదివేది 1 కొరింథీయులు 11. రొట్టె తిని పాత్రలోనిది తాగినప్పుడెల్లా “ప్రభువు వచ్చువరకు ఆయన మరణమును ప్రచురించుదురు”. ‘వచ్చువరకు’ అన్నచోట అన్ని సంఘాలూ ఒకటే. ఆ పత్రిక చివర 16:22లో “ప్రభువు వచ్చుచున్నాడు” అని తెలుగులో ఉన్న చోట మూలంలో ఉన్నది గ్రీకు కాదు, యేసు మాట్లాడిన అరామిక్: మరనాత. విడదీసే తీరును బట్టి దానికి ‘మా ప్రభువు వచ్చాడు’ అనీ అర్థం వస్తుంది, ‘మా ప్రభూ, రమ్ము’ అనీ వస్తుంది. పాత ప్రతుల్లో పదాల మధ్య ఖాళీ వదిలే అలవాటు లేదు, కాబట్టి పౌలు ఎక్కడ ఆగి పలికాడో ఆ అక్షరాల వరసలో కనబడదు.